హై-హ్యాట్ మీద ఒంటి చేత్తో సిక్స్‌టీన్త్స్: 96 దాటనంటున్న చెయ్యి

కొత్తగ్రూవ్:
అందరికీ నమస్తే. డ్రమ్స్ మొదలుపెట్టి నాలుగేళ్లయింది. ఎయిత్ నోట్స్‌తో (బీట్‌కి రెండు దెబ్బలు) నడిచే రాక్ బీట్లన్నీ చేతికి బాగానే వచ్చాయి. ఆరు నెలలుగా ఫంక్ సంగీతం మీద పడ్డాను. కుడి చేత్తో హై-హ్యాట్ (కాలి పెడల్‌తో మూసుకునే జంట పళ్లేలు) మీద ఆగకుండా సిక్స్‌టీన్త్స్ (బీట్‌కి నాలుగు దెబ్బలు), ఎడమ చేత్తో స్నేర్ డ్రమ్ము మీద నాలుగు బీట్ల బార్‌లో 2, 4 గట్టిగా, వాటి మధ్యలో గోస్ట్ నోట్స్, అంటే వినీవినపడని మెత్తటి దెబ్బలు. జేమ్స్ బ్రౌన్ డ్రమ్మర్ క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ వాయించిన తీరు నాకు ప్రాణం.

90 బీపీఎం (నిమిషానికి 90 బీట్లు) వరకు హాయిగా ఉంటుంది. 96కి వచ్చేసరికి ఒకటిన్నర నిమిషంలో ముంజేయి రాయిలా బిగుసుకుపోతుంది. 100 పెడితే నాలుగు బార్లు కూడా నిలవడం లేదు. రోజూ క్లిక్ (మెట్రోనోమ్) ఒక్కో అంకె పెంచుకుంటూ వచ్చాను, మూడు వారాలుగా అక్కడే ఆగిపోయాను. రెండు చేతులతో అయితే 120 కూడా వస్తుంది కానీ ఆ సౌండ్ రావడం లేదు. ఇంకా గట్టిగా సాధన చేస్తే చెయ్యి అదే అలవాటు పడుతుందా, లేక నేను చేసేదాంట్లోనే ఏదైనా తప్పుందా?

రెండుకర్రలు:
రెండు చేతులతో 120 వస్తుంటే ఒంటి చేతిని ఎందుకు హింసపెట్టడం తమ్ముడూ? హ్యాట్ మీద కుడి, ఎడమ, కుడి, ఎడమ అని పంచుకో. 2, 4 వచ్చినప్పుడు కుడి చెయ్యి స్నేర్ మీదికి దించు. డిస్కో బీట్లు చాలావరకు అలాగే వాయిస్తారు. లెక్క చూడు. 100 బీపీఎంలో సిక్స్‌టీన్త్స్ అంటే నిమిషానికి 400 దెబ్బలు. ఒంటి చేత్తో అయితే ఆ 400 ఒక్కదాని మీదే పడతాయి. పంచుకుంటే చేతికి 200.

ఎడమవాటం:
రెండుకర్రలు అన్నా, ఆయన అడిగింది సౌండ్ గురించి కదా. రెండు చేతులతో వాయిస్తే 2, 4 దగ్గర హ్యాట్ మాయమైపోతుంది. కుడి చెయ్యి స్నేర్ మీద ఉంటుంది కాబట్టి ఆ క్షణంలో హ్యాట్ మీద కొట్టేవాళ్లే ఉండరు. పైగా ఎడమ చెయ్యి హ్యాట్ మీద బిజీగా ఉంటే గోస్ట్ నోట్స్ ఎవరు వాయిస్తారు?

లయటీచర్:
కొత్తగ్రూవ్, మీ ప్రశ్నలోనే సగం జవాబుంది. "ఇంకా గట్టిగా" అన్నారు చూశారా, చెయ్యకూడనిది అదే.

ముందు రెండుకర్రలు గారి లెక్క గురించి. లెక్క సరైనదే, దాని నుంచి తీసిన తీర్మానంతోనే నాకు పేచీ. ఒంటి చేత్తో 400 నోట్లు వినిపించాలి, నిజమే. కానీ 400 సార్లు చెయ్యి ఎత్తి దించాలని ఎవరన్నారు? నోట్ల సంఖ్య వేరు, కదలికల సంఖ్య వేరు. ఒక్క కదలికలో రెండు నోట్లు రాబట్టగలిగితే మీ చెయ్యి పడే శ్రమ 200 దగ్గరే ఉంటుంది. మీకు ఎయిత్ నోట్స్ హాయిగా వచ్చన్నారు కదా, ఇకమీద చెయ్యాల్సింది కూడా దాదాపు అంత పనే.

ఒక్క కదలికలో రెండు నోట్లు ఎలాగో చెబుతాను. ఒకసారి స్టిక్ పక్కన పెట్టి, చెయ్యి కడుక్కున్నాక నీళ్లు విదిలించినట్టు విదిలించి చూడండి. ముందు మణికట్టు లేస్తుంది, వేళ్లు ఇంకా కిందికే వేలాడుతుంటాయి. మణికట్టు దిగుతుంటే వేళ్లు ఒక్క క్షణం ఆలస్యంగా, విసురుగా వెనకే వస్తాయి. ఇప్పుడు స్టిక్ పట్టుకుని అదే చెయ్యండి. కిందికి వచ్చేటప్పుడు స్టిక్ భుజం (కొనకి కాస్త వెనక సన్నబడే భాగం) హ్యాట్ అంచుకు తగులుతుంది. అది మొదటి నోటు, గట్టి నోటు. తగిలాక స్టిక్‌ని పైకి లాగకండి, కొనని హ్యాట్‌కి దగ్గరలోనే ఉండనివ్వండి. తర్వాతి దెబ్బ కోసం మణికట్టు ఎలాగూ మళ్లీ పైకి లేవాలి కదా. అది లేస్తున్నప్పుడు కొన కిందికి వాలుతుంది, వాలుతూ హ్యాట్ పైభాగాన్ని తాకుతుంది. అది రెండో నోటు, మెత్తటి నోటు. దానికి మీరు విడిగా బలం పెట్టనే లేదు. తర్వాతి దెబ్బకి సిద్ధమయ్యే దారిలో అది ఉచితంగా దొరికింది.

మోలర్ టెక్నిక్ అంటారే, దాని ప్రాణం ఇదే. సాన్‌ఫర్డ్ మోలర్ దీన్ని తన 1925 పుస్తకంలో రాశాడు. అమెరికా అంతర్యుద్ధంలో వాయించిన ముసలి డ్రమ్మర్ల చేతులు గమనించి నేర్చుకున్నాడాయన. గంటలకొద్దీ నడుస్తూ పెద్ద డ్రమ్ము వాయించాల్సినవాళ్లు బిగుసుకున్న చేతులతో వాయించలేరు కదా. తర్వాత జిమ్ చాపిన్ దీన్ని ఎందరికో నేర్పాడు.

ఇక మీరు మూడు విషయాలు చెప్పండి. స్టిక్‌ని ఏ వేళ్ల మధ్య పట్టుకుంటారు? బిగుసుకునేది ముంజేయి పైభాగమా, కింది భాగమా? హ్యాట్ పెడల్ మీద ఎడమ కాలు ఎంత గట్టిగా నొక్కుతారు?

పాతస్నేర్:
టీచర్ గారు చెప్పింది కళ్లకద్దుకుని ఆచరించు తమ్ముడూ. నేను నీ వయసులో అదే 96ని కండబలంతో దాటాను. 108 వరకు వెళ్లాను కూడా. రోజుకి రెండు గంటలు, నొప్పి వచ్చినా ఆపకుండా. ఒకరోజు పొద్దున్న లేచి తలుపు గొళ్లెం తియ్యబోతే మోచేతి నుంచి మణికట్టు దాకా మంట పాకింది. స్నాయువు వాచిందన్నారు. ఆరు వారాలు స్టిక్ ముట్టుకోలేదు. తిరిగి 60 దగ్గర మొదలుపెట్టాల్సి వచ్చింది. మంట, తిమ్మిరి, గుచ్చినట్టు నొప్పి వస్తే ఆ బార్ పూర్తిచెయ్యాలని కూడా చూడొద్దు, అక్కడికక్కడే ఆపెయ్. కండ అలసట వేరు, ఇది వేరు. అలసట రెండు నిమిషాల్లో తగ్గిపోతుంది. ఇది మర్నాటికీ ఉంటుంది.

కొత్తగ్రూవ్:
టీచర్ గారూ, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంటాను. మిగతా మూడు వేళ్లు స్టిక్‌ని చుట్టుకునే ఉంటాయి. బిగుసుకునేది పైభాగం, మోచేతికి కాస్త కింద. కాలు అయితే పూర్తి బరువుతో నొక్కుతాను, హ్యాట్ "టిక్ టిక్" అని పొడిగా మోగాలని.

పాతస్నేర్ అన్నా, మంట లేదు. ఆపితే తగ్గిపోతుంది. కానీ మీరు చెప్పాక జాగ్రత్తగా ఉంటాను.

లయటీచర్:
మూడు జవాబుల్లో రెండు చోట్ల దొంగ దొరికాడు.

మొదటిది వేళ్లు. చివరి మూడు వేళ్లు స్టిక్‌ని ఎప్పుడూ చుట్టుకునే ఉంటే స్టిక్‌కి ఎగిరే స్వేచ్ఛ ఉండదు. హ్యాట్ ఇచ్చే రీబౌండ్‌ని, అంటే స్టిక్ తిరిగి ఎగిరే ఊపుని, మీ అరచెయ్యే మింగేస్తోంది. మింగేసిన దాన్ని మళ్లీ మీ ముంజేయి పైభాగపు కండే ఎత్తాలి. అందుకే అది రాయిలా అవుతోంది. పట్టు చూపుడువేలి నుంచి మధ్యవేలి దగ్గరికి మార్చి చూడండి. చాలామందికి ఫంక్ హ్యాట్‌కి అదే సుఖంగా ఉంటుంది. ఉంగరపువేలు, చిటికెనవేలు స్టిక్‌ని ఊరికే ఆనుకుని ఉండాలి. స్టిక్ ఎగిరితే అవి తెరుచుకోవాలి, దిగితే వెంట రావాలి.

రెండోది కాలు. దాన్ని మిక్సింగ్‌గది గారు నాకంటే బాగా చెబుతారు.

మిక్సింగ్‌గది:
పిలిచారు కాబట్టి చెబుతాను. నేను డ్రమ్స్ తక్కువ వాయిస్తాను, వాయించేవాళ్లని ఎక్కువ రికార్డ్ చేస్తాను. హ్యాట్‌ని పూర్తి బరువుతో నొక్కితే అన్ని నోట్లూ ఒకే "టిక్" అవుతాయి. గట్టి నోటుకీ మెత్తటి నోటుకీ రంగు తేడా ఉండదు, శబ్దం ఎక్కువతక్కువలే ఉంటాయి. కాలు కాస్త వదిలితే అంచు మీద పడిన నోటులో కొంచెం "త్స్" చేరుతుంది, పైన కొనతో తాకిన నోటు "టి" అని ఉంటుంది. హ్యాట్ మాట్లాడినట్టుండేది ఈ తేడా వల్లే. మరీ వదిలేస్తే రెండు పళ్లేలూ గలగలమని రీబౌండ్ కూడా చస్తుంది, కాబట్టి మధ్యలో ఒక చోటు వెతుక్కోవాలి. స్టిక్‌తో నెమ్మదిగా తడుతూ కాలి బరువు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రండి. ఎక్కడ శబ్దం పొడిబారడం మానేసి ఇంకా చిందరవందర కాకుండా ఉంటుందో అదే మీ చోటు.

ఇంకొకటి. స్నేర్ మైక్‌లోకి ఎక్కువగా చొరబడేది హ్యాట్. హ్యాట్ తక్కువగా, స్నేర్ నిండుగా వాయించే డ్రమ్మర్ ట్రాక్ చేతికొస్తే మిక్సింగ్ సగం అయిపోయినట్టే. హ్యాట్‌ని చితకబాదితే ఆ తర్వాత ఎవరూ దాన్ని కిందికి దించలేరు. వేగంగా వాయించాలంటే మెత్తగా వాయించాల్సిందే, మెత్తగా ఉంటే రికార్డింగూ బాగుంటుంది. రెండూ ఒకే దారిలో ఉన్నాయి.

పాతస్నేర్:
కాలి సంగతి నిజం. ఎడమ కాలు బిగిస్తే నడుము బిగుస్తుంది, నడుము బిగిస్తే భుజం, భుజం నుంచి చెయ్యి. చేతి జబ్బుకి కాలికి మందు వెయ్యడమన్నమాట.

హ్యాట్ ఎత్తు కూడా చూసుకో. మరీ కిందికి ఉంటే కుడి ముంజేయి కిందుగా ఎడమ చెయ్యి లేవడానికి చోటుండదు. నేను రెండు అంగుళాలు పెంచాక 2, 4 వాటంతట అవే తెరుచుకున్నాయి. స్టిక్ కూడా 5ఏ నుంచి 7ఏకి మార్చి చూడొచ్చు, సన్నగా తేలిగ్గా ఉంటుంది. కానీ స్టిక్ మారిస్తే వేగం వస్తుందని మాత్రం ఆశపెట్టుకోకు.

తకధిమి:
నేను మృదంగం నుంచి డ్రమ్ సెట్‌కి వచ్చాను, కాబట్టి లెక్క నా నోటి నుంచి వేరేగా వస్తుంది. ఒక్కో బీట్‌లో నాలుగు నోట్లు కదా, త-క-ధి-మి. టీచర్ గారు చెప్పిన కదలికలో త, ధి రెండూ చెయ్యి దిగేటప్పుడు పడేవి. క, మి రెండూ చెయ్యి లేచేటప్పుడు దొరికేవి. నోటితో అంటూ చెయ్యి ఆడించండి. నోరు ఎక్కడ తడబడితే చెయ్యి అక్కడే తడబడుతుంది, నాకైతే ఇది ఎప్పుడూ తప్పలేదు. ముందు 60లో నోటితో అనండి, ఆ తర్వాతే స్టిక్ పట్టుకోండి.

కొత్తగ్రూవ్:
నాలుగు రోజులు ప్రయత్నించి రాస్తున్నాను. కాలు వదలడం వల్ల వెంటనే తేడా వచ్చింది, అది మాయలా ఉంది. పట్టు మధ్యవేలికి మార్చాక స్టిక్ రెండుసార్లు జారి పడింది కానీ ముంజేయి బిగుసుకోవడం తగ్గింది. ఆ లేచేటప్పటి నోటు మాత్రం 80 దాటితే అసలు వినపడటం లేదు. త, ధి మాత్రమే మోగుతున్నాయి, క, మి గాలిలో పోతున్నాయి.

లయటీచర్:
అది మంచి తప్పు. అంటే కదలిక వచ్చింది, కొన మాత్రం తగలడం లేదు. గట్టి నోటు కొట్టాక స్టిక్ కొన ఎంత ఎత్తుకు ఎగురుతోందో చూడండి. నాలుగైదు అంగుళాలు ఎగిరి ఉంటుంది. అక్కడి నుంచి కొన కిందికి వాలి హ్యాట్‌ని అందుకునేలోపు మణికట్టు పైకి వెళ్లిపోతుంది. గట్టి దెబ్బ పడిన వెంటనే కొనని హ్యాట్‌కి అంగుళంలోపే ఆపాలి. దానికి బిగించక్కర్లేదు. దెబ్బ పడిన క్షణంలో చివరి రెండు వేళ్లు స్టిక్‌ని అరచేతి వైపు ఒక్కసారి తాకితే చాలు, మళ్లీ వదిలెయ్యాలి.

70లో ఇలా చెయ్యండి. త కొట్టి ఆపండి. కొన ఎక్కడుందో చూడండి. దగ్గరలో ఉంటే మణికట్టు ఎత్తుతూ క. ఆపండి. పది నిమిషాలు ఇదొక్కటే. విసుగ్గా ఉంటుంది, తెలుసు. నా విద్యార్థుల్లో దీన్ని దాటవేసినవాళ్లు మూడు నెలల తర్వాత ఇక్కడికే తిరిగి వచ్చారు.

రెండుకర్రలు:
నేను ఇంకో దారి చెబుతాను, మోలర్‌కి పోటీగా కాదు. వేళ్లతో చేసేది. పుష్-పుల్ అంటారు. మొదటి నోటుకి వేళ్లు తెరిచి మణికట్టుతో పడెయ్యాలి, స్టిక్ తిరిగి ఎగిరేటప్పుడు వేళ్లతో లోపలికి లాక్కుంటూ రెండోది. మోలర్‌లో గట్టి-మెత్త తేడా దానంతట అదే వస్తుంది. ఇందులో రెండు నోట్లూ సమానంగా ఉంటాయి. పాటకి హ్యాట్ అలలు లేకుండా సమంగా పారాలంటే ఇది మేలు, గ్రూవ్ ఊగాలంటే అది మేలు. గాయకుడు మైఖేల్ మెక్‌డొనాల్డ్ 1982 ఆల్బమ్‌లో డ్రమ్మర్ జెఫ్ పోర్కారో హ్యాట్ వినండి, ఒంటి చేత్తో సిక్స్‌టీన్త్స్ అంత నునుపుగా పారడం అరుదు.

ఒంటి చేతిని హింసపెట్టొద్దని మొదట్లో అన్నాను. సౌండ్ విషయంలో ఎడమవాటం చెప్పింది సరైనది, ఒప్పుకుంటున్నాను.

ఎడమవాటం:
అన్నా, అంత మాట ఎందుకు, రెండు చేతుల పద్ధతికీ దాని సౌండ్ దానికుంది. మీటర్స్ బ్యాండ్‌లో జిగబూ మోడలిస్ట్ రెండు చేతులనూ హ్యాట్‌కీ స్నేర్‌కీ మధ్య తిప్పుతూ వాయించేది ఏ ఒంటి చేతికీ రాదు. డేవిడ్ గారిబాల్డీ టవర్ ఆఫ్ పవర్ బ్యాండ్‌లో చేసినదీ అంతే, హ్యాట్, స్నేర్, కిక్ (కాలితో మోగించే పెద్ద డ్రమ్ము) కలిసి ఒకే వాక్యం మాట్లాడతాయి.

రెండుకర్రలు:
సరే, ఆ దారిలో వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క అభ్యాసం. పారడిడిల్. కుడి-ఎడమ-కుడి-కుడి, ఎడమ-కుడి-ఎడమ-ఎడమ. కుడి అంతా హ్యాట్ మీద, ఎడమ అంతా స్నేర్ మీద. తకధిమి గారి భాషలో రాస్తాను. మొదటి బీట్‌లో త, ధి, మి హ్యాట్. క గోస్ట్ నోటు. రెండో బీట్ త దగ్గర ఎడమ చెయ్యి వస్తుంది, అంటే సరిగ్గా బ్యాక్‌బీట్ (2, 4 మీది గట్టి దెబ్బ) పడాల్సిన చోట! అక్కడ గట్టిగా కొట్టు. క హ్యాట్. ధి, మి రెండూ మళ్లీ ఎడమ, రెండూ గోస్ట్ నోట్స్.

ప్రాణం తీసేది ఈ చివరి ముక్కే. బ్యాక్‌బీట్ గట్టిగా కొట్టిన చెయ్యే ఒక్క సిక్స్‌టీన్త్ వదిలి రెండు గుసగుసలు పలకాలి. బ్యాక్‌బీట్ తర్వాత స్టిక్‌ని పైకి ఎగరనిస్తే అవి గుసగుసలు కావు, కేకలవుతాయి. కొట్టి కిందే ఆపాలి. గోస్ట్ నోటుకి కొన స్నేర్ తోలుకి అంగుళం కంటే పైకి లేవకూడదు. జార్జ్ లారెన్స్ స్టోన్ 1935 స్టిక్ కంట్రోల్ పుస్తకంలో ఒక్కో వరుసనీ 20 సార్లు వాయించమంటాడు. ఇది కూడా 20 సార్లు, అన్నీ ఒకే రకంగా వచ్చాకే క్లిక్ ముట్టుకో.

కొత్తగ్రూవ్:
పదో రోజు. 94లో మూడు నిమిషాలు ఆగకుండా వాయించగలిగాను, చెయ్యి బిగుసుకోలేదు. క, మి వినిపిస్తున్నాయి. రికార్డ్ చేసి టీచర్ గారికి, మిక్సింగ్‌గది అన్నకి పంపాను. ఎక్కడో ఏదో కుంటుతోంది, నాకు తెలుస్తోంది కానీ ఎక్కడో పట్టుకోలేకపోతున్నాను.

మిక్సింగ్‌గది:
విన్నాను. సగం వేగానికి తగ్గించి విన్నాను, మీరూ అలా వినండి. 94లో ఒక్కో సిక్స్‌టీన్త్‌కి 160 మిల్లీసెకన్ల సమయం ఉంటుంది, సగం వేగంలో అది 320 అవుతుంది. అప్పుడు ఏ నోటు ముందుకు తోసుకొస్తోందో చెవికే తెలుస్తుంది. 2, 4 దగ్గర స్నేర్‌తో పాటు హ్యాట్ కూడా పెద్దగా మోగుతోంది. ఆ వెంటనే వచ్చే క ఆలస్యం. ప్రతి బార్‌లో రెండుసార్లూ అదే.

లయటీచర్:
నేను విన్నదీ అదే. కొత్తగ్రూవ్, మీ కుంటు వేగానిది కాదు. ఎడమ చెయ్యి గట్టిగా కొట్టిన ప్రతిసారీ కుడి చెయ్యి కూడా దానితో పాటు గట్టిగా కొడుతోంది. రెండు చేతులూ కలిసి పెరిగిన కవల పిల్లల్లాంటివి, ఒకటి అరిస్తే రెండోదీ అరుస్తుంది. అలా అరిచినప్పుడు కుడి స్టిక్ ఎక్కువ ఎత్తు ఎగురుతుంది, తర్వాతి మెత్తటి నోటుకి కిందికి రావడం ఆలస్యమవుతుంది. మళ్లీ సమయం అందుకోవడానికి చెయ్యి బిగిస్తారు. 96 దగ్గర మిమ్మల్ని ఆపింది బహుశా మొదటి నుంచీ ఇదే. ముంజేయి బిగింపు దాని ఫలితం.

విడదీయడానికి నేను చేయించే పని ఇది. 60 పెట్టండి. హ్యాట్ మీద నాలుగు నోట్లూ మెత్తగా, అన్నీ కొనతోనే, గట్టి నోటు ఒక్కటీ వద్దు. ఎడమ చేత్తో స్నేర్ ఒక్కటి, పూర్తి బలంతో, త మీద. నాలుగు బార్లు. తర్వాత అదే గట్టి దెబ్బని క మీదికి జరపండి. నాలుగు బార్లు. ధి మీదికి, మి మీదికి. ఎడమ చెయ్యి నాలుగు చోట్లా తిరుగుతున్నా కుడి చెయ్యి ఏమీ ఎరగనట్టు ఉండాలి. అద్దం ముందు చెయ్యండి. కుడి స్టిక్ కొన ఎత్తు మారిందంటే చెవికంటే ముందు కన్నే పట్టుకుంటుంది.

ఇది వచ్చాక తిరగెయ్యండి. స్నేర్ మీద అన్నీ గోస్ట్ నోట్స్, హ్యాట్ మీద ఒక్క గట్టి నోటు. స్టబుల్‌ఫీల్డ్‌లో నన్ను కట్టిపడేసేది ఈ విడదీయడమే. 1969లో జేమ్స్ బ్రౌన్ బ్యాండ్‌తో "ఫంకీ డ్రమ్మర్" రికార్డ్ చేసినప్పుడు ఆ టెంపో దాదాపు 100. వేగం పరంగా అదేమీ భూమి బద్దలయ్యే అంకె కాదు. కానీ కుడి చెయ్యి ఒకే ధారగా పోతుంటే ఎడమ చెయ్యి అరుపుకీ గుసగుసకీ మధ్య ఎన్ని మెట్లు ఎక్కి దిగుతుందో వినండి. ఆయన ఎక్కడా పాఠాలు చెప్పించుకున్నవాడు కాదు. చిన్నప్పుడు అమెరికాలోని చట్టనూగాలో ఫ్యాక్టరీల చప్పుడు, రైళ్ల చప్పుడు విని లయ పట్టుకున్నానని చెప్పేవాడు.

తకధిమి:
ఆ ధార గురించి ఒక మాట. నాలుగు నోట్లూ గీత గీసినట్టు సమానంగా పడవు, కొంచెం ఊగుతాయి. త-క జంటలో రెండూ సరిసమానమైతే 50-50. ట్రిప్లెట్ షఫుల్ (మూడు సమాన భాగాల్లో త రెండు, క ఒకటి తీసుకునే ఊపు) అయితే దాదాపు 67-33. ఫంక్ గ్రూవ్ ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది, 54, 56 అలా. న్యూ ఆర్లియన్స్ డ్రమ్మర్లు అక్కడే కాపురం ఉంటారు. క, మి కాస్త వెనక్కి వాలతాయి. మోలర్ కదలికలో లేచేటప్పటి నోటు సహజంగానే ఒక వెంట్రుకవాసి వెనక పడుతుంది కాబట్టి ఆ ఊపు దానంతట అదే వస్తుందని నా అభిప్రాయం. అది అన్ని బార్లలోనూ ఒకేలా ఉంటే ఊపు. 2, 4 దగ్గర మాత్రమే ఉంటే కొత్తగ్రూవ్ చెప్పిన కుంటు.

పాతస్నేర్:
ఎంత బాగా చెప్పారు. ముప్పై ఏళ్లుగా వాయిస్తున్నాను, ఈ రెంటికీ తేడాని ఇంత సూటిగా ఎవరూ నాకు చెప్పలేదు.

ఎడమవాటం:
ఇంకో సంగతి. నేను ఎడమచేతి వాటం వాణ్ని, కుడిచేతి వాళ్ల సెట్ మీదే నేర్చుకున్నాను. అందుకే హ్యాట్‌ని ఎడమ చేత్తో, చేతులు ఒకదాని మీద ఒకటి వెయ్యకుండా వాయిస్తాను. బిల్లీ కోభమ్, కార్టర్ బ్యూఫోర్డ్ అలా వాయించేవాళ్లే. అలా అయితే స్నేర్ మీద చేతికి ఆకాశమంత చోటుంటుంది, హ్యాట్ ఎత్తు గొడవే ఉండదు. నువ్వు మారమని కాదు కొత్తగ్రూవ్. రోజుకి ఐదు నిమిషాలు ఎడమ చేత్తో హ్యాట్ వాయించి చూడు. కుడి చేతికి ఏం తెలుసో ఎడమ చేతికి నేర్పబోతే, కుడి చెయ్యి నిజానికి ఏం చేస్తోందో అప్పుడు అర్థమవుతుంది.

కొత్తగ్రూవ్:
నెల దాటింది. ఆలస్యానికి క్షమించండి, రాయడానికి బదులు వాయిస్తూ ఉన్నాను.

టీచర్ గారి అద్దం అభ్యాసం మొదటి వారం నరకం. క మీద స్నేర్ గట్టిగా కొట్టిన ప్రతిసారీ కుడి స్టిక్ ఎగిరిపడేది. రెండో వారం చివర్లో ఒక రాత్రి ఉన్నట్టుండి విడిపోయాయి. ఎడమ చెయ్యి కొడుతుంటే కుడి చెయ్యి వేరే గదిలో ఉన్నట్టనిపించింది. మర్నాడు క్లిక్ వైపు చూడకుండా వాయించి, తర్వాత కొలిస్తే 99 ఉంది. నేను పెంచలేదు, అదే వెళ్లింది.

ఇప్పుడు 102లో నాలుగు నిమిషాలు. ముంజేయి వెచ్చగా ఉంటుంది, బిగుసుకోదు. మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

ఒక్కటి మిగిలింది. రెండో బీట్ మి దగ్గర హ్యాట్ తెరిచి 3 మీద మూయాలి. తెరవడం బాగానే ఉంది, మూసుకోవడం ఆలస్యమవుతోంది. 3 దాటాక "చుప్" అంటోంది.

లయటీచర్:
ఎంత తెరుస్తున్నారు? మడమ పైకి ఎత్తి వాయిస్తున్నారా?

కొత్తగ్రూవ్:
మడమ పైకి. అర అంగుళం తెరుచుకుంటుందేమో.

లయటీచర్:
అంత దూరం 102లో ఒక్క సిక్స్‌టీన్త్‌లో, అంటే దాదాపు 147 మిల్లీసెకన్లలో, వెళ్లి రావాలంటే కాలు పరిగెత్తాలి. "ష్ష్" అని మోగడానికి రెండు మూడు మిల్లీమీటర్లు చాలు. పళ్లేలు ఒకదాన్నొకటి ఇంకా రాసుకుంటూ ఉండాలి, మోత వచ్చేదే ఆ రాపిడిలోంచి. మడమ కింద ఆనించి, వేళ్లు మాత్రం ఎత్తి దించండి. దెబ్బ పడడానికి ఒక్క క్షణం ముందే వేళ్లు లేవాలి, దెబ్బతో పాటు కాదు. ఇంకో చిన్న సంగతి, కింది పళ్లేన్ని కొంచెం వాల్చే మర స్టాండ్‌లో ఉంటుంది. ఒక అరచుట్టు తిప్పి చూడండి. అంచులు పూర్తి సమంగా కలిస్తే మూసుకునేటప్పుడు మధ్యలో గాలి చిక్కుకుని "చుప్" మూగబోతుంది. కాస్త వాలితే మూత స్పష్టంగా పలుకుతుంది.

కుడి చెయ్యి 3 మీద కొట్టే నోటూ కాలు మూసే చప్పుడూ ఒక్కటిగా వినిపించాలి. రెండుగా వినిపిస్తే కాలు ఆలస్యం.

కొత్తగ్రూవ్:
ఇప్పుడే చేసి వచ్చాను. మర అరచుట్టు తిప్పాను, మడమ కింద పెట్టాను. 88కి తగ్గించి వాయిస్తే 3 మీద రెండూ ఒక్కటిగానే వినిపించాయి. 102లో పదిసార్లకి ఆరుసార్లు కలిశాయి. రేపు 92 నుంచి మొదలుపెడతాను, రికార్డింగ్ ఆదివారం పంపుతాను.

మిక్సింగ్‌గది:
పంపండి. ఈసారి హ్యాట్‌కి విడిగా ఒక మైక్ పెట్టండి, కాలి చప్పుడు సగం వేగంలో వింటాను.